మూట కట్టే విద్య: జపాను ఫురోషికిని మన గుడ్డతో నేర్చుకోవడం

బరంపురం పెద్ద బజారులో పెళ్ళి బట్టలు కొనుక్కుని ఇచ్ఛాపురం వైపు బస్సెక్కే కుటుంబాలను గమనిస్తే, చీరల పెట్టెలు, అప్పడాల కట్టలు, పచ్చడి సీసాలు, మిఠాయి డబ్బాలు అన్నీ కలిసి ఒక్కొక్కరి చేతికి నాలుగైదు సంచులు వేలాడుతూ ఉంటాయి. 2018 అక్టోబరు 2 నుంచి బరంపురంతో సహా ఒడిశాలోని పెద్ద పట్టణాల్లో ప్లాస్టిక్ సంచులపై నిషేధం వచ్చింది. 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా 120 మైక్రాన్ల కన్నా పలుచని సంచులు చెల్లవు. వాటి స్థానంలో వచ్చినవి చాలామట్టుకు గుడ్డలా కనిపించే ప్లాస్టిక్ సంచులే. కాస్త బరువు పెట్టగానే వాటి పిడి ఊడిపోతుంది, ఇంటికి చేరాక అవి తలుపు వెనక మేకుకు పోగుపడతాయి. జపానులో ఇదే అవసరానికి శతాబ్దాలుగా వాడుతూ వస్తున్న ఒక చతురస్రపు గుడ్డ ఉంది. దాని పేరు ఫురోషికి. దానిని మన చేనేత గుడ్డతో ఇంట్లోనే తయారుచేసుకుని రోజువారీ పనులకు వాడుకునే తీరును ఇక్కడ వివరిస్తున్నాను.

మూట కట్టడం మనకు జపానువారు నేర్పాలా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సబబైనదే. చద్దిమూట, సారె మూట, చాకలి మూట, విత్తనాల మూట, ఆవకాయ జాడీ మూతికి బిగించే వాసెన, బైరాగి భుజాన వేలాడే జోలె అన్నీ మనవే. అయితే మన మూటకు కొలత లేదు, ముడికి నియమం లేదు. చేతికందిన తువ్వాలునో పాత చీర ముక్కనో తీసుకుని, ఊడకుండా ఉంటే చాలునని రెండు మూడు ముళ్ళు బిగించి, విప్పవలసి వచ్చినప్పుడు పళ్ళతో కొరుకుతాము. పైగా మూట అన్నది లేమికి గుర్తుగా మారిపోయింది. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల పనికి వెళ్ళేవారి నెత్తిన మూటను చూసి రైలులో పక్కకు జరిగి కూర్చునే వారే, అదే గుడ్డ జపాను పేరుతో దుకాణంలో కనిపిస్తే ముచ్చటపడి బేరమాడతారు. ఆ సంగతి అలా ఉంచితే, జపానువారు తమ మూటకు కొలతలు స్థిరపరిచారు, గట్టిగా పట్టి ఉంటూనే క్షణంలో విడిపోయే ముడిని ఎంచుకున్నారు, ఇచ్చిపుచ్చుకోవడంలో దానికి ఒక మర్యాదను ఏర్పరిచారు. మనం కొత్తగా నేర్చుకోవలసినది అంతవరకే. తక్కినదంతా మన అమ్మమ్మలకు తెలిసినదే.

నారా నగరంలోని షోసోయిన్ భాండాగారంలో 8వ శతాబ్దం నాటి చుట్టుగుడ్డలు నేటికీ భద్రంగా ఉన్నాయి. ఫురోషికి అన్న పేరు మాత్రం అంతకన్నా చాలా తరువాతిది. ‘ఫురో’ అంటే స్నానం, ‘షికి’ అంటే పరచడం. 14వ శతాబ్దంలో అషికాగా యోషిమిత్సు అనే షోగున్ (సైనిక పాలకుడు) కట్టించిన స్నానశాలకు వచ్చిన సామంతులు, విడిచిన దుస్తులు ఒకరివి ఒకరికి మారిపోకుండా తమ వంశచిహ్నం ఉన్న గుడ్డలో చుట్టిపెట్టుకుని, స్నానం ముగిశాక దానిమీదే నిలబడి దుస్తులు వేసుకునేవారని చెబుతారు. ‘ఎదో’ అని పిలిచే కాలంలో (17–19 శతాబ్దాలు) ఊరూరా వీధి స్నానశాలలు వెలిసినప్పుడు ఆ అలవాటు సామాన్యులకు దిగింది; వర్తకులు సరుకును, ఆ తరువాతి కాలంలో బడిపిల్లలు పుస్తకాలను అందులోనే కట్టుకున్నారు. ఆకుపచ్చ గుడ్డమీద తెల్లని తీగలు మెలికలు తిరిగే ‘కరకుసా’ అల్లిక ఇంటింటా ఉండేది. జపాను బొమ్మల కథల్లో దొంగ భుజాన తప్పనిసరిగా ఆ గుడ్డ మూటే కనిపిస్తుంది. దొంగ ఖాళీ చేతులతో వచ్చి, ఆ ఇంటి గుడ్డలోనే ఆ ఇంటి సొత్తు మూటగట్టుకుని పోతాడన్నది అందులోని హాస్యం.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత కాగితపు సంచులు, ప్లాస్టిక్ సంచులు వచ్చి ఫురోషికిని మూలకు నెట్టాయి. దానిని మళ్ళీ ముందుకు తెచ్చే ప్రయత్నంగా 2006లో, అప్పటి పర్యావరణ మంత్రి కొయికె యురికో, వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాలను కరిగించి తీసిన దారంతో ఒక ఫురోషికిని తయారు చేయించారు. దానిమీద ఎదో కాలపు చిత్రకారుడు ఇతో జకుచు గీసిన పువ్వులు, పక్షులు ఉంటాయి. దానికి ‘మొత్తైనాయి ఫురోషికి’ అని పేరు పెట్టారు. వస్తువు విలువ తెలియక వృథా చేస్తున్నామే అన్న నొచ్చుకోలు ‘మొత్తైనాయి’ అన్న మాటలో ఉంది. మన చెవికి అది ‘మొత్తం అయినాయి’ అన్నట్టు, సరిగ్గా తిరగబడిన అర్థంలో వినిపించడం ఒక చమత్కారం. 2020 జులై 1 నుంచి జపాను దుకాణాల్లో ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవడం తప్పనిసరి అయ్యాక ఈ గుడ్డకు గిరాకీ ఇంకా పెరిగింది. నీరు అంటని పూత వేసినవి, రెండు వైపులా రెండు రంగులున్నవి, నైలానువి, పాలియెస్టరువి ఎన్నో రకాలు ఇప్పుడు అమ్ముతున్నారు. ఇన్ని మార్పులకు లోనైనది గుడ్డ మాత్రమే; కొలతలు, ముడి పాతవే. ఆ రెండూ అలాగే ఉన్నందువల్లే నాయనమ్మ నేర్పిన కట్టు మనవరాలి ప్లాస్టిక్ దారపు గుడ్డమీద కూడా కుదురుతోంది. మనమూ అదే వరుసలో, గుడ్డ మనది పెట్టుకుని, కొలతను, ముడిని వారి నుంచి తీసుకుందాము.

గుడ్డ, కొలత

జపానులో ఫురోషికి వెడల్పును ‘హబా’లలో లెక్కిస్తారు, కిమోనో అనే సంప్రదాయ దుస్తు కోసం నేసే సన్నని గుడ్డ పన్నా, అంటే సుమారు 35 సెంటీమీటర్లు, ఆ లెక్కకు మూలం. వాడుకలో ఎక్కువగా కనిపించే వైపు కొలతలు 45, 70, 90, 105 సెంటీమీటర్లు. పరుపులు కట్టడానికి రెండు మీటర్ల దాకా పెద్దవీ ఉంటాయి. ఏ వస్తువుకు ఏ గుడ్డ కావాలో తెలుసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది: గుడ్డను మూల నుంచి ఎదుటి మూలకు కొలిచి, ఆ పొడవులో మూడో వంతుకు మించని వస్తువును అందులో కట్టవచ్చు. 70 సెంటీమీటర్ల గుడ్డకు మూల నుంచి మూలకు 99 సెంటీమీటర్లు వస్తుంది, కాబట్టి 33 సెంటీమీటర్ల పెట్టె వరకు అది సరిపోతుంది. 90 గుడ్డకు ఆ హద్దు 42, 105 గుడ్డకు 49. కొత్తగా మొదలుపెట్టేవారు ఒక 70, ఒక 105 కుట్టుకుంటే ఇంటి అవసరాలలో ముప్పాతిక వంతు తీరతాయి. 45 గుడ్డ చిన్న అన్నం డబ్బాకు తప్ప పెద్దగా పనికిరాదు.

బరంపురంలో గుడ్డ అనగానే పట్టు గుర్తుకు వస్తుంది. తెలుగు దేవాంగుల మగ్గాలపై నేసే, గుడిగోపురపు మొనల వంటి ‘ఫోడా కుంభ’ అంచున్న బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని మూటకు పట్టు వద్దు. అది జారుతుంది, ముడి దగ్గర నలిగి చారలు పడుతుంది, నూనె మరక పడితే ఇక పోదు. మధ్యరకం మందం ఉన్న నూలు గుడ్డ దీనికి తగినది. మల్లు గుడ్డ మరీ పలుచన, పరుపు గలీబుల గుడ్డ మరీ దళసరి. దుకాణంలోనే పరీక్షించుకోవచ్చు: తానులోంచి ఒక మూలను చేతిలోకి తీసుకుని దానికదే ఒక ముడి వేసి చూడండి. ముడి ఉసిరికాయంత ఉంటే గుడ్డ మంచిది. నిమ్మకాయంత ఉబ్బితే దళసరి. వేసిన ముడి చెయ్యి వదలగానే తానై సడలిపోతే ఆ గుడ్డ నున్నన. ఒడిశాలో ప్రతి భుజంపైనా ఉండే గామొచ్ఛా తువ్వాలు ఇందుకు చక్కగా పనికివస్తుందని మొదట నేనూ అనుకున్నాను. నేత సరైనదే అయినా, పొడవెక్కువ, పన్నా తక్కువ కావడంతో నాలుగు మూలలూ సమంగా కలవవు.

పాత నూలు చీర ఉంటే కొత్త గుడ్డ కొననవసరం లేదు. చాలాసార్లు ఉతికిన చీర మెత్తబడి ముడికి బాగా లొంగుతుంది. పమిట చెంగును, జరీ అంచును విడిగా తీసేయండి. జరీ ఉన్నచోట ముడి కూర్చోదు, వంగినచోట జరీ చిట్లుతుంది. సాధారణంగా చీర పన్నా 115 నుంచి 120 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, అంచులు సన్ననివైతే వాటిని తీసేశాక కూడా 105 గుడ్డలు నాలుగైదు వస్తాయి. మోకాళ్ళ దగ్గర, కూర్చునేచోట చీర నీరసించి ఉంటుంది; వెలుతురుకు అడ్డంపెట్టి చూసి, దారాలు విడిపోయిన భాగాన్ని వదిలి కత్తిరించండి.

కొత్త గుడ్డ కొన్నవారు కత్తిరించే ముందు దానిని ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, గంజి అంతా వదిలేదాకా పిండి, నీడన ఆరవేయాలి. గంజి ఉన్న గుడ్డ ముడికి ఎదురు తిరుగుతుంది. నానబెట్టకుండా కుట్టినది మొదటి ఉతుకులోనే ఒక వైపు కుంచించుకుపోతుంది. ఆరిన తరువాత ప్రతి వైపూ 2 సెంటీమీటర్ల చొప్పున అదనంగా ఉంచి కత్తిరించి, రెండు మడతలు వేసి సన్నగా కుట్టండి. మడత ఒక సెంటీమీటరు మించితే మూలలు దళసరి అవుతాయి. నేత అంచు ఉన్న వైపు కుట్టవలసిన పని లేదు, అక్కడ ఆ అదనం కూడా అక్కరలేదు. సంప్రదాయ ఫురోషికి కచ్చితమైన చతురస్రం కాదు, పడుగు వైపు పొడవు కొద్దిగా ఎక్కువ ఉంటుంది; మీ కత్తెర ఒకటి రెండు సెంటీమీటర్లు తప్పినా కంగారు పడవద్దని చెప్పడానికి ఈ మాట.

ముడి

ఈ విద్య అంతా ముడిలో ఉంది. జపానువారు వాడే ముడిని ‘మముసుబి’ అంటారు, అంటే నిజమైన ముడి. చూడటానికి మనం రోజూ వేసే రెండు ముళ్ళ కట్టులాగే ఉంటుంది గాని, రెండో ముడి వేసే దిశలో తేడా ఉంది. ఆ ఒక్క తేడా తెలియక నేను మొదటి ఆరునెలలూ తప్పుగానే కట్టాను. మా అమ్మాయి అత్తవారింటికి పంపిన ఆవకాయ జాడీ మూట ఛత్రపురం దాటకముందే బస్సులో సడలి, జాడీ ఒరిగి, పక్కనే ఉన్న సారె చీరకు నూనె పట్టింది. జాడీ పగలలేదు, అది అదృష్టం. ముడి గట్టిగా బిగించలేదని నన్ను నేను తిట్టుకున్నాను. నిజానికి బిగింపులో లోపం లేదు, దిశే తప్పు.

నేర్చుకునేటప్పుడు రెండు రంగుల గుడ్డలు తీసుకోండి. ఎర్ర తువ్వాలు ఎడమ చేతిలో, తెల్ల తువ్వాలు కుడి చేతిలో పట్టుకుని, ఒక దిండు చుట్టూ వాటి కొనలను ఎదురెదురుగా తీసుకురండి. ఎర్ర కొనను తెల్లదాని పైనుంచి దాటించి, కిందికి దూర్చి, పైకి లాగి బిగించండి. ఇది మొదటి సగం. ఇప్పుడు ఎర్ర కొన కుడివైపుకు, తెల్ల కొన ఎడమవైపుకు చేరి ఉంటాయి. రెండో సగంలో కూడా ఎర్ర కొనే పైనుంచి వెళ్ళాలి: కుడివైపు ఉన్న ఎర్ర కొనను ఎడమవైపుకు మడిచి, తెల్లదాని పైనుంచి దాటించి, కిందుగా దూర్చి, రెండు కొనలనూ సమంగా అడ్డంగా లాగండి. మొదటిసారి ఏ కొన పైనుంచి వెళ్ళిందో రెండోసారీ అదే కొన పైనుంచి వెళ్ళాలన్నది ఒక్కటే గుర్తుంచుకోవలసిన నియమం.

సరిగ్గా పడిన ముడిని చూడగానే గుర్తించవచ్చు. రెండు కొనలూ సీతాకోకచిలుక రెక్కల్లాగా, మూట మీదుగా సాగుతున్న గుడ్డతో ఒకే వరుసలో ఎడమకూ కుడికీ పడుకుని ఉంటాయి. కొనలు ఒకటి పైకి, ఒకటి కిందికి నిక్కబొడుచుకుని నిలబడితే అది తప్పు ముడి. దానిని ‘తతెముసుబి’, నిలువు ముడి అంటారు. అది బరువుకు కొంచెం కొంచెంగా జారుతుంది, లేదా బిగుసుకుని పీటముడి పడుతుంది. నిలువు ముడి కనిపించగానే మొత్తం విప్పనక్కరలేదు, రెండో సగం విప్పి ఎదుటి దిశలో వేస్తే చాలు.

విప్పడం ఇంకా బాగుంటుంది. ఎర్ర కొన, ఎర్ర గుడ్డ మొదలు రెండూ ముడికి ఒకే వైపున ఉన్నాయని గమనించండి. ఎడమ చేత్తో ఎర్ర మొదలును కదలకుండా పట్టుకుని, కుడి చేత్తో ఎర్ర కొనను దాని మొదలుకు ఎదురు దిశలో, ముడి మీదుగా గట్టిగా లాగండి. ఎర్ర గుడ్డ గీతలాగా తిన్నగా అవుతుంది, తెల్ల గుడ్డ దానిచుట్టూ ఉంగరంలా మిగులుతుంది. ఆ ఉంగరాన్ని గుప్పిట్లో పట్టుకుని పక్కకు జరిపితే జారి వచ్చేస్తుంది. ఎంత బరువు మోసి ఎంత బిగిసిన ముడి అయినా ఇలాగే విడిపోతుంది. గోళ్ళు విరగవు, కత్తెర అక్కరలేదు. పది పదిహేనుసార్లు కట్టి విప్పితే చేతులకు అలవాటవుతుంది. ఆ తరువాత ఒకే రంగు గుడ్డమీదకు మారండి. రెండు రంగులతో నేర్వకుండా నేరుగా ఒకే గుడ్డతో మొదలుపెట్టిన వారెవరూ మొదటి రోజున దీనిని పట్టుకోగా నేను చూడలేదు.

ఇది కాక ఒకే మూలకు దానితోనే వేసే ఒంటి ముడి ఒకటి ఉంది. మూలను వేలికి చుట్టి ఉంగరం చేసి, అందులోంచి కొన దూర్చి లాగడమే. సంచి చేసేటప్పుడు తప్ప దాని అవసరం రాదు.

కట్లు

మిఠాయి పెట్టెకు, చీరల పెట్టెకు, పుస్తకాలకు వాడే కట్టును ‘ఒత్సుకాయి త్సుత్సుమి’ అంటారు, పనిమీద వెళ్ళేటప్పటి చుట్టు అని అర్థం. గుడ్డను తిరగేసి, ఒక మూల మీ వైపు ఉండేలా వజ్రపు ఆకారంలో పరవండి. పెట్టెను సరిగ్గా మధ్యలో పెట్టి, మీ వైపు మూలను పెట్టె మీదుగా కప్పి, మిగిలిన కొనను పెట్టె కిందికి మడవండి. ఎదుటి మూలను మీ వైపుకు తెచ్చి పైన కప్పండి. ఎడమ, కుడి మూలలను ముడతలు సర్ది, కొంచెం పైకెత్తి పట్టి, పెట్టె నడుమ మముసుబి వేయండి. ముడి కిందుగా వేళ్ళు దూర్చి ఎత్తి చూస్తే మూట ఒక పక్కకు ఒరగకూడదు. ఒరిగితే పెట్టె మధ్యలో లేదన్నమాట.

అన్నం క్యారేజీకి నాలుగు మూలల కట్టు సరిపోతుంది. క్యారేజీని మధ్యలో నిలిపి, ఎదురెదురు మూలలు రెండింటిని మూత మీద ముడివేసి, మిగిలిన రెండింటిని దాని మీదుగా మరోసారి ముడివేయాలి. రెండు గిన్నెల క్యారేజీకి 70, నాలుగు గిన్నెలదానికి 90 కావాలి. భోజనం వేళకు ఆ గుడ్డనే పరచుకుని తినవచ్చు. జపానులో అన్నం డబ్బా చుట్టిన గుడ్డను కూడా అలాగే వాడతారు. చారు ఒలికినా బల్ల పాడవదు.

పచ్చడి జాడీ విషయంలో కొంచెం ఎక్కువ శ్రద్ధ కావాలి. మొదట మన పద్ధతిలోనే మూతికి వాసెన కట్టి మూత బిగించండి; ఫురోషికి మోయడానికే గాని కారకుండా ఆపడానికి కాదు. జాడీని గుడ్డ మధ్యలో నిలిపి, మీ వైపు మూలను, ఎదుటి మూలను మూతపైన మముసుబితో కలపండి. ఎడమ, కుడి మూలలను జాడీ నడుముకు చుట్టి, వెనుక ఒకదానినొకటి దాటించి, ముందుకు తెచ్చి ఇంకొక మముసుబి వేయండి. ఈ నడికట్టు జాడీని గుడ్డలో అటూ ఇటూ కదలనివ్వదు. ఇప్పుడు పైన మిగిలిన రెండు కొనలను విడివిడిగా తాడులా మెలిపెట్టి, చివరలు కలిపి ముడివేస్తే పట్టుకోవడానికి పిడి వస్తుంది. రెండు సీసాలు ఒకేసారి పంపాలంటే 90 గుడ్డను వజ్రంలా పరచి, మీ వైపు మూలకు దగ్గరగా సీసాలను అడుగులు ఎదురెదురుగా ఉండేలా పడుకోబెట్టి, మధ్యలో నాలుగు వేళ్ళ ఎడం వదలండి. మీ వైపు మూలను వాటిమీద కప్పి ఎదుటి మూల దాకా చాపలా చుట్టుకుంటూ వెళ్ళి, తరువాత రెండు సీసాలనూ పక్కపక్కన నిలబెట్టి, పైకి వచ్చిన రెండు కొనలను ముడివేయండి. సీసాల మధ్య రెండు పొరల గుడ్డ ఉంటుంది కాబట్టి బస్సు కుదుపులకు కొట్టుకోవు. ఈ కట్లన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే.

వేసవిలో పుచ్చకాయ తెచ్చుకోవడానికి గుడ్డను వజ్రంలా కాక చదరంగా పరవాలి. ఎడమవైపు రెండు మూలలను ఒకదానితో ఒకటి, కుడివైపు రెండింటిని ఒకదానితో ఒకటి ముడివేస్తే రెండు ఉంగరాలు వస్తాయి. ఒక ఉంగరాన్ని రెండోదానిలోంచి దూర్చి పైకి లాగితే అదే పిడి. కాయ ఎంత బరువుంటే ఈ కట్టు అంతగా బిగుస్తుంది.

కూరగాయల బజారుకు సంచి కావాలంటే 105 గుడ్డను లోపలి వైపు బయటికి వచ్చేలా త్రికోణంగా మడిచి, పొడవైన వైపున ఉన్న రెండు మూలలకు, కొన నుంచి జానెడు దూరంలో ఒంటి ముడి వేయండి. గుడ్డను తిరగేస్తే ముళ్ళు లోపలికి పోతాయి. మిగిలిన రెండు మూలలను మముసుబితో కలిపితే భుజానికి తగిలించుకునే సంచి తయారు. ఇదొక్కటి చాలు, బజారులో సంచి అడగవలసిన అవసరం తీరుతుంది. నాలుగైదు కిలోల వరకు నూలు గుడ్డ నిశ్చింతగా మోస్తుంది. చేపలకు మాత్రం దీనిని వాడవద్దు, నీచు వాసన కుట్టులో చేరితే పోదు.

వానాకాలానికి వేరే గుడ్డ ఉంచుకోవడం మేలు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని చూసినవారికి, కాగితాలు, మందులు, ఒక జత బట్టలు కలిపి క్షణంలో ఎత్తుకుపోగల మూట విలువ చెప్పనక్కరలేదు. జపానులో నీరు అంటని ఫురోషికిని నాలుగు మూలలూ కట్టి బాల్చీలా నీళ్ళు మోయడానికి కూడా వాడతారు. మనకు గొడుగు గుడ్డ మీటర్ల లెక్కన దొరుకుతుంది; అది నీళ్ళు మోయదు గాని చినుకులను ఆపుతుంది. అయితే అది నున్నగా ఉండి ముడి సడలుతుంది కాబట్టి, 105కు బదులు 120 కొలత తీసుకుని, ముడి దాటి కొనలు బెత్తెడు మిగిలేలా కట్టాలి. కాగితాలను ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టడం మరవకండి. చెయ్యి విరిగినవారికి నూలు 105 గుడ్డను త్రికోణంగా మడిచి మెడకు వేలాడదీస్తే ఆసుపత్రి చేరేదాకా ఆసరా అవుతుంది.

ఇచ్చేటప్పుడు

జపానులో కానుకను ఫురోషికితో సహా చేతికివ్వరు. ఇంటివారి ఎదుట కూర్చుని, ముడి విప్పి, కానుకను బయటికి తీసి, దాని ముఖం పుచ్చుకునేవారి వైపు తిప్పి, రెండు చేతులా అందిస్తారు. గుడ్డను మడిచి తిరిగి తమ వెంట తీసుకుపోతారు. దారిలోని దుమ్మును గుడ్డ తనమీద వేసుకుని కానుకను శుభ్రంగా చేర్చింది, ఇక దాని పని అయిపోయింది అన్న భావం. ఇప్పుడు స్నేహితుల మధ్య గుడ్డను కూడా కానుకలో భాగంగా ఇచ్చే పద్ధతి పెరిగింది. మన సారె మర్యాద వేరు: సారె తెచ్చిన పళ్ళేన్ని ఖాళీగా పంపకూడదని మనం ఒక పండో చిటికెడు పంచదారో వేసి తిప్పి పంపుతాము. కాబట్టి అరిసెలు, చలిమిడి కట్టిన గుడ్డను మీరు అక్కడే మడిచి తీసుకుంటే వియ్యాలవారు తొందరపడ్డారనుకోవచ్చు. మూటను పెద్దల ముందు విప్పి, గుడ్డను వారి దగ్గరే వదిలేయండి. నాలుగు రోజులకు అది జామకాయలతోనో, అటువైపు ఒడియా బంధువులున్న ఇల్లయితే పిఠాలతోనో (వారి పిండివంటలు) తిరిగి వస్తుంది. మా ఇంటి 70 గుడ్డ ఒకటి ఇచ్ఛాపురానికి, బరంపురానికి మధ్య ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు.

ఒక్క విషయంలో మాత్రం వారి నియమం మనకు వెంటనే అర్థమవుతుంది. డబ్బు కవర్లను చుట్టే ‘ఫుకుసా’ అనే చిన్న గుడ్డను శుభానికైతే ఎడమ మూల ముందు మడిచి, కుడి మూలను చివరగా పైకి తెస్తారు; అశుభానికి కుడి మూల ముందు, ఎడమ మూల చివర. కిమోనో కూడా బ్రతికినవారికి ఎడమ భాగం పైకి, పోయినవారికి కుడి భాగం పైకి వచ్చేలా కడతారు. జంధ్యం సవ్యం, అపసవ్యం అన్న తేడా తెలిసిన ఇంట్లో దీనికి వేరే వివరణ అక్కరలేదు. ముదురు ఊదా రంగు ఫుకుసాను రెండింటికీ వాడతారు కాబట్టి, ఒక్కటే కొనుక్కునేవారు ఆ రంగు ఎంచుకుంటారు. మన ఇళ్ళలో మూటగుడ్డకు అలాంటి రంగు పట్టింపు పెట్టుకోవాలనుకుంటే, పసుపు, ఎరుపు గుడ్డలను శుభకార్యాలకు కేటాయించి, రోజువారీ పనులకు మట్టి మాపు కనిపించని గళ్ళ గుడ్డ వాడుకోండి.

భద్రపరచడం

రంగు గుడ్డను మొదటిసారి వాడే ముందు తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడండి. రంగు అంటితే, అంటడం మానేదాకా విడిగా ఉతకాలి. లేకపోతే వాన తగిలిన రోజున ఆ రంగు లోపలి చీరకు పట్టుకుంటుంది. నూనె మరక పడినప్పుడు నీళ్ళు తగలకముందే దానిమీద శనగపిండి చల్లి గంటసేపు ఉంచి దులిపి, తరువాత సబ్బు పెట్టాలి. ఉతికిన ప్రతిసారీ మూలలను వేళ్ళతో సాగదీసి ఆరవేయండి, ముడి నలుగు అక్కడే ఎక్కువగా నిలుస్తుంది. ఇస్త్రీ అవసరం లేదు, గంజి అసలే పెట్టవద్దు. ఆరిన గుడ్డను నాలుగు మడతలు వేసి చేతిసంచిలో ఒకటి, బండి డిక్కీలో ఒకటి ఉంచండి. అటకమీద పెట్టెలో దాచిన గుడ్డ బజారులో గుర్తుకు రాదు. మూలల కుట్టు ఊడితే వెంటనే చేతికుట్టు వేయండి, ఎందుకంటే దారం పీచులు ముడిలో చిక్కుకున్న రోజున ఎర్ర కొన ఎంత లాగినా తిన్నగా రాదు.